దప్పిక గింజ

పెనం మీద గింజలు వేగుతున్నాయి గానీ వాసన రావడం లేదు. జొన్నలైతే ఈపాటికి పేలి, ఇల్లంతా కమ్మగా ఉండేది. ఇవి మాత్రం పెనానికి అతుక్కుని నల్లగా, మొండిగా కూర్చున్నాయి. గడప దగ్గర చెప్పులు విడుస్తున్న ఉరుకుందమ్మ ఒక్క చూపులోనే వాటిని పోల్చుకుంది. పోల్చుకోక ఏం చేస్తుంది, వాటిని కనిపెట్టిందే ఆమె.

తమ్ముడి భార్య ఓబులమ్మ గబుక్కున పెనం మీద చేట బోర్లించింది. పొయ్యి మీది పెనానికి చేట మూత పెట్టే వంట ఈ లోకంలో ఎక్కడా లేదు. చేట అంచు మాడి పొగ లేచేసరికి పాపం తనే మళ్ళీ తీసేసింది.

అవి దప్పిక గింజలు. జొన్నగింజంత ఉంటాయి. మడిలో జానెడు లోతున పాతితే చాలు, మట్టి ఎండినప్పుడల్లా కాలువ గేటుకు కబురు పంపుతాయి. గేటు ఆ కబురు విని దానంతటది లేస్తుంది. పెనం మీద వేయించిన గింజకు ఇక తడి తెలియదు. బురదలో పాతినా ఎండిపోయానని మొత్తుకుంటూనే ఉంటుంది.

ఎప్పటినుంచి ఈ పని అని ఉరుకుందమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. ఈరన్న తల గోక్కున్నాడు.

"ఊరంతా చేస్తాండారక్కా. మనమొకరమే పచ్చి గింజలు పెట్టుకోని కూసుంటే మన మడికి నీళ్ళు యాడ్నుంచి వస్తాయి? మిషన్ నీదే గదా, నువ్వే చెప్పు."

గోడవార కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న తల్లి సుంకమ్మకు ఈ గొడవంతా తమాషాగా ఉంది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇంత సదువు సదివి పెనానికి ఓడిపోయినావు గదే బిడ్డా. రా, కాళ్ళు కడుక్కోని తిందువు రా."

ఉరుకుందమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ తల్లి నవ్వుతుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జొన్నరొట్టెతో పాటు మింగేసి తిరుగు బస్సెక్కింది.

*

మాలవతి పై రాష్ట్రంలో పుట్టి కింది రాష్ట్రంలో ఎండిపోయే నది. మధ్యలో రెండు రాష్ట్రాలూ దాని కోసం తాతల కాలం నుంచి కొట్టుకుంటూనే ఉన్నాయి. పెద్ద డ్యామ్ కడదామని పైవాళ్ళు అంటే కిందివాళ్ళు రైళ్ళు ఆపారు. కిందివాళ్ళు కడదామంటే పైవాళ్ళు బస్సులు తగలబెట్టారు. అప్పుడు ఈవైపు నుంచి ఉరుకుందమ్మ, ఆవైపు నుంచి బసవలింగ అనే ఇంజనీరు కలిసి, అసలు డ్యామే వద్దన్నారు. నదికీ కాలువలకూ దిగుడు ఉన్న ప్రతిచోటా ఒక గేటు, దాని కింద ఒక చక్రం. పొలానికి పోయే నీళ్ళే పోతూ పోతూ చక్రాన్ని తిప్పుతాయి, కరెంటు పుడుతుంది. ఒక్క ఊరు మునగదు, ఒక్క చెట్టు పోదు. గేట్లన్నిటికీ కలిపి ఒకటే బుర్ర. ఏ మనిషి చెయ్యీ తగలకుండా, ఎక్కడ దప్పిక ఎక్కువ ఉంటే అక్కడికి ముందు నీళ్ళు పంపే బుర్ర.

దానికి నీరుగంటి అని పేరు పెట్టారు. చెరువు కింద మడిమడికీ నీళ్ళు పంచే మనిషిని పూర్వం ఈ గట్టున తెలుగులోనూ నీరుగంటి అనే అనేవారు, ఆ గట్టున కన్నడంలోనూ నీరుగంటి అనే అనేవారు. ఒప్పందంలో ప్రతి మాటకూ అర్థం ఏమిటని నెలల తరబడి పోట్లాడుకున్న ఆఫీసర్లు ఆ ఒక్క మాటకు మాత్రం అనువాదం అడగలేదు.

అనుమానాలు మాత్రం పోలేదు. అవతలివాళ్ళు మన గింజల నోరు నొక్కేస్తారేమోనని ఇద్దరికీ భయం. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. ఏ గింజనైనా ఆపాలంటే ఇద్దరి తాళాలూ ఒకేసారి తిరగాలి. కంట్రోల్ రూమ్‌ను సరిగ్గా సరిహద్దు మీదే కట్టారు. గీత టేబుల్ మధ్యలోంచి పోతుంది. ఉరుకుందమ్మ కుర్చీ ఒక రాష్ట్రంలో, బసవలింగ కుర్చీ ఇంకో రాష్ట్రంలో, టీ ఫ్లాస్కు రెండింటిలోనూ ఉంటాయి.

ఇంకొక సంగతి ఉంది. అప్పట్లో అది వరమనే అనుకున్నారు. నీళ్ళు మొదటి మడి దగ్గరే ఆగిపోతే నాలుగు చక్రాలు తిరుగుతాయి. కాలువ చివరి పొలాలైన ఆఖరాయకట్టు దాకా పోతే దారిలో ఉన్న చక్రాలన్నీ తిరుగుతాయి. "చివరి రైతు గొంతు తడిస్తే రాజధానిలో దీపం వెలుగుతుంది" అని ఉరుకుందమ్మ ప్రతి సభలోనూ చెప్పేది, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ మాటను తిరగేసి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

పెనం సంగతి విని బసవలింగ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "మా వైపు ఇంకా అన్యాయం మేడం. మా చెల్లెలి ఊళ్ళో బేకరీ వాడు బన్నులు మానేసి ఇవే కాలుస్తున్నాడు," అన్నాడు. నవ్వయ్యాక ఇద్దరూ స్క్రీన్ వైపు చూశారు. నిజంగా ఎండిన మళ్ళ కబుర్లు, వేయించిన గింజల రొదలో ఎక్కడో మునిగిపోయాయి.

"మట్టితో అబద్ధం చెప్పించొచ్చు సార్," అంది ఉరుకుందమ్మ. "రక్తంతో చెప్పించలేరు."

ఆ ఆలోచన అట్లా పుట్టింది. మనిషి నీళ్ళు తాగకపోతే రక్తంలో ఉప్పు చిక్కబడుతుంది. మోచేతి కింద, చర్మంలో కూర్చున్న గింజకు ఆ చిక్కదనం తెలుస్తుంది. ఊళ్ళో నీళ్ళుంటే మనుషులు తాగుతారు, లేకపోతే ఎండుతారు, ఇందులో మోసం చేయడానికి ఏముంటుంది అనుకున్నారు. పైగా ఈ గింజకు బ్యాటరీ అక్కర్లేదు. ఉప్పే దాని తిండి. ఉప్పు దొరికినన్నాళ్ళూ అది చావదు. దాన్ని సాధించిన రోజు ఇద్దరూ సరిహద్దు గీత మీద నిలబడి మైసూర్‌పాక్ పంచుకున్నారు.

ఇంటికొక గింజ, అది ఆ ఇంటి మడి గేటుకే కబురు పంపుతుంది అన్నారు. ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. ఒంట్లో మిషన్ ఏమిటని ఆడవాళ్ళు చేతులు కొంగులో దాచుకున్నారు. అందరి ముందూ సుంకమ్మే చెయ్యి చాపింది.

"పచ్చబొట్లు పొడిపిచ్చుకున్న చెయ్యి ఇది. నీ సూదికి అదురుతుందా? కానీ."

ఉరుకుందమ్మ తన చేత్తోనే సూది గుచ్చింది. తల్లి మోచేతి కింద, పచ్చబొట్టు తేలు పక్కన, చిన్న ఉబ్బు మిగిలింది. ఆ తర్వాత ఊరంతా వరస కట్టింది.

*

రెండు పంటలు బ్రహ్మాండంగా పండాయి. పై రాష్ట్రం నుంచి రైతులు బస్సు వేసుకుని వచ్చి కిందివాళ్ళ ఇళ్ళలో భోజనాలు చేసి పోయారు. ఎవరెవరో దేశాల నుంచి వచ్చి సుంకమ్మ చెయ్యి ఫోటో తీసుకున్నారు. ఆమె ప్రతిసారీ కొత్త చీర కట్టుకుని మరీ చెయ్యి చూపించేది.

సుంకమ్మకు శనివారం ఒక్కపొద్దు. పెళ్ళయినప్పటి నుంచీ తిమ్మప్ప స్వామికి మొక్కుకున్న మొక్కు. పొద్దు కుంకి దీపం పెట్టేదాకా తిండే కాదు, మంచినీళ్ళు కూడా ముట్టదు. వర్షాల కోసం ఉంటున్నానని అనేది. ఆ సంవత్సరం వేసంగిలో ఒక వింత జరిగింది. శనివారం సాయంత్రమయ్యేసరికి ఈరన్న మడి ముందున్న గేటు లేచి నీళ్ళు వచ్చేవి. పక్క మడికి రావు, దీనికే వస్తాయి. మూడు నాలుగు వారాలు అట్లాగే జరిగేసరికి ఊరు ఊరంతా సుంకమ్మ కాళ్ళకు మొక్కడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళకు స్వామి విన్నాడని ఆమె కూతురికి ఫోన్ చేసి ఏడ్చింది.

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఉరుకుందమ్మ ఊరుకునే మనిషి కాదు. మూఢనమ్మకం అంటే ఆమెకు ఒళ్ళు మంట. ఆదివారం పనిగట్టుకుని ఊరికి వచ్చి, రచ్చకట్ట దగ్గర అందరినీ కూర్చోబెట్టి, ఇందులో స్వామి మహిమ ఏమీ లేదని, పొద్దుగూకులూ నీళ్ళు తాగకపోతే గొంతు ఎండుతుందని, గింజ దాన్ని నిజమైన కరువనుకుని గేటుకు కబురు పంపిందని, బొమ్మ గీసి మరీ వివరించింది. జనం ఎప్పుడూ లేనంత శ్రద్ధగా విన్నారు. ఒకరిద్దరు రెండోసారి చెప్పమని అడిగారు. ఆమె సంతోషంగా రెండోసారి చెప్పింది.

తల్లి మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ వచ్చే శనివారానికి ఊళ్ళో గింజ ఉన్న ప్రతి మనిషీ ఒక్కపొద్దు ఉన్నాడు.

*

ఆ ఏడు వాన పడలేదు. మరుసటి ఏడూ పడలేదు.

కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద దప్పిక ఎర్రగా కనిపిస్తుంది. మొదట శనివారాల్లోనే ఎరుపెక్కేది. తర్వాత సోమవారాలు వచ్చి చేరాయి. అవి అవతలి గట్టువి. వాళ్ళకూ ఆ ఆచారమే ఉంది, ఒప్పత్తు అంటారు. ఇవతల రెండు రోజులుంటే అవతల మూడు రోజులున్నారు. నీరుగంటికి ఏం తెలుసు? ఎవరి గొంతు ఎక్కువ ఎండితే వాళ్ళ గేటు ఎత్తింది. ఎక్కువ ఎండేది ఎప్పుడూ ఆఖరాయకట్టు ఊళ్ళే కనుక, నది పొడుగునా చక్రాలన్నీ తిరిగాయి. దేశమంతా కరెంటు కోతలతో అల్లాడుతుంటే ఆ రెండు రాష్ట్రాల్లో మాత్రం కోత లేదు.

ఒక హద్దు దాటిన దప్పికను లెక్కచేయకుండా చేద్దామా అని బసవలింగ ఒకసారి అన్నాడు. అప్పుడు నిజంగా దప్పికతో చచ్చేవాడి మాట ఎవరు వింటారు అని ఆమె అడిగింది. మొక్కుకూ కరువుకూ తేడా చెప్పే గింజను వాళ్ళు చేయలేకపోయారు. రక్తం అబద్ధం ఆడదన్న ఆమె మాటలో తప్పేమీ లేదు. ఎండిన గొంతు ఎండిన గొంతే, ఎందుకు ఎండిందో దానికి అనవసరం.

నీరుగంటిని కొన్నాళ్ళు ఆపేద్దామని ఇద్దరూ కలిసి పైకి చెప్పుకున్నారు. రెండు రాష్ట్రాల విద్యుత్ పెద్దలూ తెర మీద కనిపించారు. ఆ రెండు రాష్ట్రాలూ ఒక విషయం మీద ఒకే మాట అనడం ఉరుకుందమ్మ తన సర్వీసులో మొదటిసారి చూసింది. ఆపేది లేదన్నారు. ఉపవాసాలు జనం స్వంత విషయమన్నారు. ఇంత చక్కని సహకారాన్ని చెడగొట్టవద్దని ఇద్దరు ఇంజనీర్లకూ హితవు చెప్పారు. చివరలో ఒకాయన, చక్రం తిరగాలంటే చివర దప్పిక ఉండాలి కదమ్మా, మీరే చెప్పేవారు కదా అన్నాడు. వెటకారంగా కాదు, మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఓబులమ్మ ఫోన్ చేసింది. "వదినా, అత్త నిన్నటి సంది నీళ్ళు ముట్టలే. మేం చెప్తే ఇనడం లే. నువ్వు రా."

ఉరుకుందమ్మ జీపు వేసుకుని ఎండలో పడి వచ్చింది. సుంకమ్మ చాప మీద పడుకుని ఉంది. పెదాలు నెర్రెలిచ్చాయి. తల పక్కనే కుండ, కుండ మీద చెంబు, చెంబు నిండా నీళ్ళున్నాయి. ఇంట్లో నీళ్ళు లేక కాదు. అది చూసి ఉరుకుందమ్మకు దుఃఖం ఆగలేదు. చెంబు తీసుకుని తల్లి నోటి దగ్గర పెట్టింది. సుంకమ్మ పళ్ళు బిగించుకుంది.

తల్లి చెంబును పక్కకు నెట్టింది. "కంకి పాలు పోసుకుంటాంది. ఈ ఒక్క తడి పడితే గింజ గట్టి పడ్తాది. అంతవరకే."

"పంట పోతే పోనీమ్మా. నువ్వు తాగు."

"ఆ పొద్దు స్వామి కాదంటివి గదా. నా గొంతే అంటివి. నా గొంతుకు అంత బలముంటే నేనెందుకు ఊరకుండల్ల?"

ఉరుకుందమ్మ చెంబు కింద పెట్టింది. జీపులో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోతానంది. సెలైన్ ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటుందని ఆమెకు తెలుసు. సెలైన్ ఎక్కితే గింజ నోరు మూస్తుందని ఈరన్నకూ తెలుసు. అతను వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. బలవంతంగా ఆపలేదు. తప్పుకోనూ లేదు. అక్క ముఖం చూడలేక చేని వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంగొక్క గంటక్కా. గేటు లేస్తాందని చెప్పినారు. ఒక్క తడి."

ఆమె తమ్ముణ్ణి పక్కకు తోసింది. చేతుల్లో తల్లి చెనక్కాయ పొట్టు బస్తా అంత తేలిగ్గా ఉంది. జీపు ఊరు దాటి కాలువ వంతెన ఎక్కేసరికి కింద గేటు లేచింది. ఎర్రటి నీళ్ళు ఈరన్న చేని వైపు బుసలు కొడుతూ పోయాయి. సుంకమ్మ కళ్ళు తెరిచి ఆ చప్పుడు విన్నది. ఆమె ముఖంలో సంతోషం కూతురికి స్పష్టంగా కనిపించింది. ఆస్పత్రి గేటు ముందు జీపు ఆగేటప్పటికి ఆ ముఖం అట్లాగే ఉండిపోయింది.

*

వాళ్ళలో పూడ్చడమే ఆచారం. చేని గట్టు మీద పూడ్చారు. అది చవుడు నేల, తెల్లగా ఉప్పు పేరిన నేల.

గింజ తీయాలని ఆ ఏడుపుల్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఉరుకుందమ్మకూ గుర్తు రాలేదు. కర్మాంతరాలు ముగించుకుని కంట్రోల్ రూమ్‌కు తిరిగి వచ్చినప్పుడు స్క్రీన్ మీద తమ ఊరి దగ్గర ఒక చుక్క మండుతూ కనిపించింది. అంత ఎరుపు ఆమె ఎన్నడూ చూడలేదు. చనిపోయిన ఒంట్లో రక్తం లేదు, నీళ్ళు తాగే నోరు లేదు. చుట్టూ ఉన్నది ఉప్పు ఒక్కటే. గింజ లెక్క ప్రకారం ఇంతకన్నా దప్పికగొన్న మనిషి ఈ భూమ్మీద లేడు. నీరుగంటి చెప్పిన మాట తప్పకుండా ఆ దప్పిక తీర్చడానికి నీళ్ళు పంపుతూనే ఉంది. సమాధి చుట్టూ మడమల లోతు నీళ్ళు నిలిచినా గింజ ఊరుకోదు. దానికి కావలసింది నీళ్ళు కాదు, నీళ్ళు తాగే మనిషి.

ఆమె తన తాళం చెవి తీసి టేబుల్ మీద పెట్టింది.

"మా అమ్మ గింజ ఆపేద్దాం సార్. మీ తాళం చెవి తీయండి."

బసవలింగ తన తాళం చెవి బయటికి తీశాడు. పెట్టలేదు. గుప్పిట్లోనే ఉంచుకుని స్క్రీన్ మీద అవతలి గట్టు చూపించాడు. అక్కడా అలాంటి చుక్కలు మండుతున్నాయి. ఒకటి అతని చెల్లెలి ఊరిది. మీ అమ్మగారి సంగతి తెలిసిన వారంలోనే, గింజ తీయకుండా ఉప్పు నేలలో పూడ్చడం మావాళ్ళూ నేర్చుకున్నారు అన్నాడు.

"మీది ఆపితే నీళ్ళు మా వైపు వస్తాయి మేడం. మావి ఆపితే మీ వైపు పోతాయి. మా పెద్దలు అంటున్నారు, ముందు వాళ్ళను ఆపమను అని."

"మావాళ్ళూ అదే అంటారు."

"అన్నీ ఒకేసారి ఆపుదామంటే?"

ఆమె వెంటనే ఫోన్ చేసి పెద్దలను ఆ మాటే అడిగింది. సమాధుల వల్ల చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయని, వీటికి పండగ లేదు, సెలవు లేదు, పారణ లేదని, ఇంత నిలకడగా కరెంటు ఎన్నడూ రాలేదని రెండు రాష్ట్రాలూ కలిసి చెప్పాయి. తాళాలు రెండూ టేబుల్ మీదికి వచ్చాయి, గీతకు అటొకటి, ఇటొకటి. ఇరవై ఏళ్ళ స్నేహితులు వాటి ముందు సాయంత్రం దాకా కూర్చున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు గానీ ఎవరి చెయ్యీ ముందుకు కదల్లేదు. ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది.

*

కొత్త జొన్నలు ఇంటికి వచ్చాయని, అమ్మ పేరు మీద రొట్టె తిని పొమ్మని ఈరన్న కబురు చేశాడు. అతను ఆ మధ్య అక్కతో మాట్లాడే ధైర్యం చేయలేదు. ఆమె కూడా పోకూడదనే అనుకుంది. అయినా పోయింది.

చేను బంగారంలా పండింది. గట్టు మీద సమాధి చుట్టూ నీళ్ళు మెరుస్తున్నాయి. ఒక కొంగ వచ్చి దాని మీద నిలబడి చేపల కోసం చూస్తోంది. పార తెచ్చి తవ్వి ఆ గింజను బయటికి తీయాలని ఉరుకుందమ్మ చేతులు తహతహలాడాయి. తవ్వితే ఊరి కాలువకే నీళ్ళు రావు, వచ్చే పంటకు తమ్ముడి చేనుతో పాటు ఊరి చేలన్నీ ఎండుతాయి. పరాయి గట్టు సమాధులు మాత్రం అట్లాగే ఉంటాయి. ఆమె ఇంట్లోకి వచ్చేసింది.

ఓబులమ్మ అదే పెనం మీద రొట్టెలు కాలుస్తోంది. ఈసారి కమ్మటి వాసన వస్తోంది. ఉరుకుందమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. అది గొంతు దిగలేదు. నీళ్ళు అడిగింది. ఓబులమ్మ చెంబు నిండా ముంచి ఇచ్చింది. చెయ్యి చాపినప్పుడు మోచేతి కింద కొత్త ఉబ్బు కనిపించింది. పెదాలు అప్పటికే తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

ఉరుకుందమ్మ రెండు గుక్కలు తాగి చెంబు ఆమెకు ఇచ్చింది, నువ్వూ తాగమంది.

"నాకొద్దు వదినా. ఒక్కపొద్దు."

"ఈరోజు మంగళవారం కదే."

ఓబులమ్మ రొట్టె తిరగేసింది. పెనం అంచు మీద పడిన చెమట చుక్క చుయ్యిమని ఆవిరైపోయింది.

"అత్త ఒక్కతితో సరిపోవడం లేదు వదినా," అంది. "ఆ గట్టున ఎక్కువైనారంట."